మూడువందల తొమ్మిదో గదిలో గుసగుస

తుర్కిస్తాన్ దర్గా వెనక కొత్తగా కట్టిన హోటల్లో, మూడో అంతస్తు చివరి గది గురించి మా షియెలి ఊరి ఆడవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. మూడువందల తొమ్మిది. ఆ గదిలో ఏం మాట్లాడినా మనకంటే ముందే ఇంటికి చేరిపోతుందని అంటారు.

ఒకావిడ అక్కడ పడుకుని, మొగుడికి తెలియకుండా తమ్ముడి మందలోకి నాలుగు గొర్రెల్ని తోలించానని పక్క మంచం మీదావిడతో చెప్పిందట. తిరిగొచ్చేసరికి మొగుడు దొడ్లో నిలబడి ఉన్నాడట, చేతిలో ఖాళీ తాడు పట్టుకుని. ఇంకొకావిడ నిద్రలో ఏదో పేరు కలవరించిందట. ఆ పేరు గలవాడు వారం తిరక్కుండా ఊరొదిలి పోయాడట.

నిజమో అబద్ధమో నాకు తెలియదు. ఇప్పుడు నేను రాసేది మాత్రం మా వదిన మక్పాల్ నోట విన్నది. బాబు పుట్టిన పన్నెండో రోజు రాత్రి, పక్కగదిలో అమ్మ గురక వినపడుతుండగా, నా చెవికి మాత్రమే అందేటంత గొంతుతో చెప్పింది.

వదినకి అంతకుముందు రెండు కడుపులు పోయాయి. మొదటిది మూడో నెలలో, రెండోది ఐదో నెలలో. రెండుసార్లూ కబురు ఊరంతా తిరిగి, బంధువులంతా వచ్చి టీ తాగి వెళ్ళాకే పోయాయి. అందుకే మూడోసారి నిలిచినప్పుడు గట్టిగా అనుకుంది. ఐదో నెల దాటేవరకు ఎవరికీ చెప్పకూడదు. చమురు బావుల్లో పదిహేను రోజులు పనిచేసి పదిహేను రోజులు ఇంట్లో ఉండే మా అన్నకి కూడా చెప్పలేదు. వికారం పుడితే గొర్రెకొవ్వు పడలేదని లేచి వెళ్ళిపోయేది.

అమ్మకి ఇవేమీ తెలియవు కదా. "ఆరేళ్ళయింది పెళ్ళయి. బస్సులో అందరూ వెళ్తున్నారు, నువ్వూ దర్గాకి పోయి మూడు రోజులు మొక్కుకుని రా" అని పట్టుబట్టింది. కడుపులో బిడ్డని పెట్టుకుని బిడ్డ కావాలని మొక్కుకోవడానికి బయల్దేరింది వదిన.

హోటల్లో తాళాలు పంచుతుంటే గోల మొదలైంది.

"నేనా? ఆ గదిలోనా? నాకు ముగ్గురు కోడళ్ళున్నారు తల్లీ. నిద్రలో వాళ్ళ గురించి ఏం వాగుతానో నాకే తెలీదు!"

"నీకు నిద్రెందుకు ఖదీషా, మెలకువలోనే వాగుతావుగా."

"మరైతే నువ్వే తీసుకో, నోరున్నదానా!"

చివరికి ఎవరో అన్నారు, "మక్పాల్‌కి ఇచ్చెయ్యండమ్మా. ఆ పిల్లకి నోట్లో మాటే ఉండదు."

అలా ఆ గది వదినకి వచ్చింది. ఒక్కతే.

మంచం, నీళ్ళు కాచుకునే కెటిల్, కిటికీలోంచి దర్గా నీలం గుమ్మటం. మంచం పక్క బల్ల మీద తెల్లటి గుండ్రటి డబ్బా. తాళం తెచ్చిన పిల్ల దాన్ని వేలితో తట్టి, "ఏం కావాలన్నా దీన్ని అడగండక్కా. మన కజఖ్‌లోనే మాట్లాడుతుంది. ఇంకా నేర్చుకుంటోంది పాపం" అంది.

వదిన సిగ్గుపడుతూనే అడిగింది — వేణ్ణీళ్ళు ఎప్పుడొస్తాయి? డబ్బా పెళ్ళి పాట పెట్టింది. నవ్వొచ్చి మంచం మీద కూలబడిందట.

ఆ నవ్వు చీకటి పడేదాకానే.

కడుపుతో ఉన్నదాన్ని అల్బాస్తీ వెతుక్కుంటూ వస్తుందని మా ముసలివాళ్ళు అంటారు. పసుపు జుట్టు దెయ్యం. ఊపిరితిత్తి లాక్కుని వాగులో కడుక్కుంటుందట. వదిన అవన్నీ నమ్మేది కాదు. కానీ రెండుసార్లు పోగొట్టుకున్నదానికి నమ్మకంతో ఏం పని? తలగడ కింద రొట్టె ముక్క పెట్టింది. దాని పక్కన పళ్ళు కోసుకునే కత్తి పెట్టింది. బల్ల మీది డబ్బా తన వైపే చూస్తున్నట్టనిపించి, తలకి కట్టుకున్న రుమాలు విప్పి దాని మీద కప్పింది.

దాని కళ్ళు మూసేస్తే చాలనుకుంది.

పదకొండు దాటాక ఇక ఆగలేకపోయింది. లోకంలో ఒక్కరికైనా చెప్పుకోవాలనిపించింది. ఖిజిలోర్దాలో ఉండే వాళ్ళక్క రఖియాకి ఫోన్ చేసింది. తల్లి పోయాక వదినని జడలేసి పెంచింది ఆవిడే.

దుప్పటి ముసుగులో... గుసగుసగా... బిడ్డ సంగతి చెప్పింది. తర్వాత భయాల సంగతి. ఆ తర్వాత ఆరేళ్ళుగా ఎవరికీ చెప్పనివి. అక్క అవతల ఏడుస్తూ నవ్వుతూ వింటోంది.

ఫోన్ పెట్టేసింది. చీకటి. దూరంగా ఎక్కడో కుక్క మొరిగి ఆగింది.

అప్పుడు —

"నాకు సరిగ్గా అర్థం కాలేదు... ఇంకోసారి చెప్పండి."

ఆడగొంతు. మెత్తగా, మర్యాదగా. మంచం పక్కనుంచే.

రుమాలు కింద నీలం వెలుగొకటి గుండ్రంగా తిరుగుతోంది... తిరిగి, తిరిగి... ఆరిపోయింది.

చెయ్యి తలగడ కిందికి పోయింది. కత్తి దొరికింది. రెండో చెయ్యి కడుపు మీద వేసుకుని, గోడకి వీపు ఆనించి, తెల్లారేదాకా అలాగే కూర్చుంది. ఆ గొంతు మళ్ళీ పలకలేదు. పలికినా బావుండేది, అంది వదిన. పలక్కుండా వింటోందేమోనన్న భయమే ఎక్కువట.

మిగతా రెండు రాత్రులూ ఖదీషా గదిలో నేల మీద పడుకుంది.

నాలుగో రోజు సాయంత్రం మా గుమ్మంలో అడుగు పెట్టగానే నెత్తి మీద మిఠాయిల వాన కురిసింది. పిల్లలు కాళ్ళ సందుల్లోంచి ఏరుకుంటున్నారు. బారుగా పరిచిన భోజనాల బట్ట చుట్టూ చుట్టాలు, పళ్ళేల్లో మాంసం, సమోవార్ పొగ. అమ్మ పరుగున వచ్చి వదినని వాటేసుకుంది.

"నా దగ్గరే దాస్తావా, దొంగా! నాలుగో నెలంట కదే!"

"ఎవరు... ఎవరు చెప్పారత్తయ్యా?"

"ఇంకెవరు, మీ అక్కే! మన బగిలాకి ఫోన్ చేసి చెప్పిందిగా. దర్గా మహిమ చూడు, నువ్వింకా దిగనే లేదు, కబురొచ్చేసింది."

బగిలా అంటే నేనే. కప్పుల్లో టీ పోస్తున్నాను. తలెత్తలేదు.

ఆ రాత్రి వదిన పెరట్లోకి వెళ్ళి అక్కకి ఫోన్ చేసింది. రఖియా అక్క పిల్లల మీద ఒట్టు పెట్టింది. తను నోరు విప్పలేదంది. ఎవరికీ ఫోన్ చెయ్యలేదంది. "ఆ గదిలో ఏదో ఉందని నువ్వే అన్నావుగా, అదే చెప్పిందేమో" అంది.

"గదికి మా ఇంటి నంబర్ తెలుసా అక్కా?" అంది వదిన.

తర్వాత లోపలికి వచ్చి నన్ను అడిగింది. "నిజం చెప్పు. అక్కే చేసిందా?"

"అక్కే చేసింది వదినా."

నా మాటే నమ్మింది.

ఆ తర్వాత ఐదు నెలలు మా ఇంట్లో ఎలా గడిచాయో రాయడానికి నా చెయ్యి రావడం లేదు. వదినకి మెట్టు దిగాలంటే భయం. ఎవరైనా కడుపు వైపు చూస్తే భయం. రాత్రి లేచి, పక్క గుడ్డ మీద రక్తం పడిందేమోనని దీపం వేసి చూసుకునేది. అక్క ఫోన్ మోగితే బోర్లా తిప్పేసేది. అమ్మ ఒకసారి, "తోబుట్టువుతో ఇంత పంతమేంటే?" అంటే, "ఆవిడ నోటి వల్ల ఇది కూడా పోతే, అప్పుడు ఎవరిని అడగను?" అంది.

పోలేదు. బాబు పుట్టాడు. నాలుగు కిలోలు, నెత్తి నిండా జుట్టు.

బిడ్డకి ఉయ్యాల పుట్టింటివాళ్ళే తేవాలి. పన్నెండో రోజున రఖియా అక్క తెచ్చింది. చెక్క ఉయ్యాల, ఎర్ర పూలు చెక్కింది. ఖిజిలోర్దా నుంచి రైల్లో, తన ఒళ్ళోనే పెట్టుకుని. వదిన కిటికీ తెర తీసి చూసింది. తెర వేసేసింది. "వెళ్ళిపొమ్మను" అంది నాతో.

నేను తలుపు దగ్గరకెళ్ళి చెప్పాను. ఆవిడ నా మీద కూడా అరవలేదు. "బాబు ఎవరిలా ఉన్నాడు?" అనడిగింది. ఉయ్యాల గేటు పక్కన పెట్టి, దాని మీద పేరుకుంటున్న మంచుని చేతి తొడుగుతో ఒకసారి తుడిచి, స్టేషన్ వైపు నడిచి వెళ్ళిపోయింది.

ఆ రాత్రే వదిన నాకు గది సంగతంతా చెప్పింది. చెప్పి చెప్పి, బాబు వీపు నిమురుతూ, "ముంగురులూ, అది దెయ్యమే అయ్యుంటే ఎంత బావుండేది! అప్పుడు అక్క నాకు మిగిలేది" అంది.

ముంగురులు. మా దగ్గర కొత్తకోడలు మొగుడి తోబుట్టువుల్ని పేరు పెట్టి పిలవదు. తనే ఒక్కో పేరు కల్పించి పిలుస్తుంది. నా నుదుటి మీద పడే జుట్టు చూసి వదిన పెట్టిన పేరది. ఈ భూమ్మీద ఇంకెవ్వరూ నన్నలా పిలవరు.

అందుకే వదిన నాకు దొరికిపోయింది.

ఇంట్లో అందరూ నేను ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పాటలు వింటున్నాననుకుంటారు. కాలేజీకి పంపలేదు, కానీ ఫోన్లో చూసి చూసి నేర్చుకున్న కంప్యూటర్ నాకు ఒక పని తెచ్చిపెట్టింది. మాట్లాడే డబ్బాలకి కజఖ్ సరిగ్గా అర్థం కాదు. అర్థం కాని మాటల ముక్కల్ని కంపెనీవాళ్ళు రికార్డు చేసి మాలాంటివాళ్ళకి పంపుతారు. విని, అందులో ఏమన్నారో రాసి పంపాలి. పేరుండదు, ఊరుండదు, గది నంబరుండదు. విన్నది బయట చెప్పనని సంతకం కూడా పెట్టాను.

వదిన దర్గాకి వెళ్ళిన రెండో రోజు ఒక ముక్క వచ్చింది. దుప్పటి కిందనుంచి వచ్చినట్టు ఒక గుసగుస — "నాలుగో నెల అక్కా... ముంగురులకి కూడా చెప్పలేదు. దాని కడుపులో మాట దాగదు."

మూడుసార్లు విన్నాను. మూడోసారికి నేను ఏడుస్తున్నాను, సంతోషంతో. మంచి కబురు ముందుగా మోసుకొచ్చినవాళ్ళు మా దగ్గర "సూయిన్షీ!" అని అరుస్తారు, విన్నవాళ్ళు కానుక ఇవ్వాల్సిందే. నేను ఏ రోజూ మా ఇంటికి ఒక్క కబురూ తెచ్చినదాన్ని కాదు. పరుగెత్తి వెళ్ళి అరిచేశాను. అమ్మ తన భుజం మీది శాలువా తీసి నాకు కప్పి, "నీకెలా తెలుసే?" అంది.

సంతకం గుర్తొచ్చింది. నోటికి దగ్గర్లో ఉన్న పేరు చెప్పేశాను.

ఇదంతా ఆ రాత్రి వదినకి చెప్పాను. "అక్క ఫోన్ చెయ్యలేదు వదినా" అన్న దగ్గర్నుంచి మొదలుపెట్టి, ఒక్క ముక్క వదలకుండా చెప్పాను. కొట్టినా బావుండేది. బాబు వీపు మీద ఆగిపోయిన చెయ్యి కదల్లేదు.

"ఇంకేం విన్నావు?"

"అంతే వదినా. పదకొండు సెకన్లు. ఒట్టు."

అక్కకి చెయ్యాలని ఫోన్ అందుకుంది. బొటనవేలు నంబర్ మీదకి పోయి ఆగింది. ఫోన్‌ని కాసేపు చూసి, మంచం అవతలి చివరకి, అందనంత దూరం తోసేసింది.

"స్టేషన్‌కి పరుగెత్తు. తెల్లారేదాకా బండి లేదు, బల్ల మీద కూర్చుని ఉంటుంది. కాళ్ళు పట్టుకుంటావో ఏం చేస్తావో... తీసుకురా."

బూట్లు వేసుకుంటున్నాను. తలుపు తెరిచేసరికి చలిగాలి లోపలికి కొట్టింది. వెనకనుంచి వదిన గొంతు వినిపించింది. ఆ గొంతు ఎంత తగ్గిందంటే, ఇల్లు కూడా వినకూడదన్నట్టు —

"నేను ఆ రాత్రి రెండు గంటలు మాట్లాడాను. నీకొచ్చింది పదకొండు సెకన్లు... మిగతాదంతా ఎవరి చెవిలో పడిందే?"