కాలబోధిని కట్టుకున్న మూడవ తరగతి

"నేను అన్నం తిన్నాను" అని ముప్పైమంది పిల్లలు ఏకకంఠంతో పలికారు. వారి నుదుళ్లకు కట్టిన పట్టీలు పచ్చగా వెలిగాయి.

సముద్రం మీద తేలే ఆ కొత్త పట్టణపు బడిలో, ఒకప్పుడు వేరే ఊళ్లో మూడవ తరగతికి తెలుగు చెప్పిన శేషమాంబగారు ముక్కు విరిచారు. ఆ పిల్లల్లో ఒకతె అయిన ఆమె మనుమరాలు మైథిలి మూడు రోజులుగా అన్నం ముట్టడం లేదు. కారణం తేల్చుకోవడానికే ఆమె వచ్చారు.

"క్రియలు నేర్పడానికి తలకు కట్లెందుకు నాయనా?"

"కట్లు కావండి, కాలబోధిని," అన్నాడు ఆ పట్టీలు తయారుచేసిన డాక్టర్ నిశాంత్. "పని ముగిస్తే మెదడులో తృప్తి పుడుతుంది కదా? భూతకాలం పలకగానే యంత్రం ఆ తృప్తిని పుట్టిస్తుంది. 'చెయ్యి, రా' వంటి విధ్యర్థకం వినిపిస్తే ఒళ్లు దానంతటదే కదులుతుంది. ఇక వల్లెవేత అక్కరలేదు."

"బద్ధకానికి ఎంత చక్కని పేరు పెట్టావు!"

ఇంతలో భోజనాల గంట మోగింది. వంటమనిషి నరసమ్మ పప్పన్నం తెచ్చింది. ఒక్కరూ లేవలేదు.

"ఇందాకే తిన్నాను మామ్మా, కడుపు నిండిపోయింది," అంది మైథిలి. దాని బుగ్గలు పీక్కుపోయి ఉన్నాయి.

"రోజూ ఇంతేనమ్మా," అంది నరసమ్మ. "పిల్లలకు క్రమశిక్షణ వచ్చిందని పెద్దయ్యవారు మురిసిపోతున్నారు."

శేషమాంబగారు నిశాంత్ వైపు తిరిగారు. "ఆ వాక్యం ఎవరిచ్చారు?"

"వాచకంలో మొదటి వాక్యమండి. తరతరాలుగా అదే కదా!"

"మేము వాక్యం చెప్పించి, ఆపైన అన్నం పెట్టేవాళ్లం. నీ చదువుకు ఆ రెండవ పని తోచలేదు. ముందు ఆ యంత్రాన్ని సరిచెయ్యి!"

నిశాంత్ ముఖం పాలిపోయింది. యంత్రం పుట్టించే తృప్తి ఎంత తీవ్రమో చూద్దామని ఒక పట్టీ తానే కట్టుకుని, "యంత్రాన్ని సరిచేశాను" అన్నాడు. పచ్చదీపం వెలిగింది. అతని ముఖం తేటపడింది.

"సరిచేశానండి," అని పట్టీ విప్పకుండానే హాయిగా మూలనున్న బల్ల మీద కూర్చున్నాడు.

ఇటువంటి పండితుడితో వాదించడం ఆమెకు చిన్నతనమనిపించింది. చేతులు కడుక్కుని, పప్పన్నం ముద్దలు చేసి, పూర్వపు గొంతుతో గద్దించారు.

"నోళ్లు తెరవండి!"

ముప్పై నోళ్లు తెరుచుకున్నాయి. ఆమె, నరసమ్మ వరుసగా ముద్దలు పెట్టుకుంటూ పోయారు. మొదటి ముద్ద మైథిలికి.

"నమలండి!"

పిల్లలందరూ నమిలారు. మూలన డాక్టరుగారు కూడా ఖాళీ నోటితో, పరమ తృప్తిగా నములుతున్నారు.