మంగళవారం మూడు గంటల సీసా

మంగళవారం మధ్యాహ్నం మూడయ్యేసరికి తెనాలి టీకా కేంద్రంలో నలభై కుర్చీలూ ఖాళీ అయిపోయాయి. నర్సులు టీ తెప్పించుకున్నారు. గేటు దగ్గర సెక్యూరిటీ మనిషి స్టూలు మీద కునుకు తీస్తున్నాడు. రోడ్డుకు ఇవతల కుట్టుమిషన్ ముందు కూర్చున్న మస్తాన్‌బీ చీరకు ఫాల్ కుట్టడం ఆపి ఆ గేటు వంకే చూసింది. వరసగా ఇది ఐదో మంగళవారం. సరిగ్గా మూడింటికి ఖాళీ అవుతుంది, సరిగ్గా నాలుగున్నరకు మళ్లీ జనం వస్తారు.

"దొంగ సచ్చినోళ్లు," అంది పైకే.

ఆమెకు అనుమానం రావడంలో తప్పేమీ లేదు. 2041లో ఆ ఊళ్లో అనుమానం లేని మనిషి ఎవరు గనక? బూడిద జ్వరం వచ్చి ఏడు నెలలైంది. టీకా కనిపెట్టారు గానీ అందరికీ చాలినంత తయారు కాలేదు. ఎవరికి ఎప్పుడు వేయాలో చెప్పేది మనిషి కాదు, 'వేళ' అనే యంత్రం.

దాని పని అర్థం చేసుకోవడం తేలికే. ఈ టీకా నలభై డోసుల సీసాల్లో వస్తుంది. ఫ్రీజర్ నుంచి తీసి సీలు విప్పాక గంటన్నరలో వాడేయాలి. ఆ తర్వాత అది ఉత్త నీళ్లే. అందుకని వేళ నలభై మందిని ఒకేసారి ఫోన్లో పిలుస్తుంది. కనీసం ముప్ఫై ఐదుగురు వస్తారని నమ్మకం కుదిరితేనే సీసా తీయమంటుంది. ఎవరెప్పుడు వచ్చారో, ఎవరు రాలేదో చూసి ఆ నమ్మకాన్ని తనంతట తనే పెంచుకుంటుంది, తగ్గించుకుంటుంది. దానికి మన కులం తెలియదు, మన బావమరిది ఎక్కడ పనిచేస్తాడో తెలియదు, సిఫారసు ఉత్తరం చదవడం రాదు. జనం దాన్ని నమ్మకపోవడానికి కారణం కూడా అదే. సిఫారసు చెల్లని చోటొకటి ఉందంటే మనవాళ్లు నమ్ముతారా?

మస్తాన్‌బీ భర్త నాగూర్‌వలీకి రెండు కిడ్నీలూ పోయాయి. మూడో అంతస్తు నుంచి అతన్ని దించాలంటే నలుగురు మనుషులు కావాలి. మంగళ, శనివారాల్లో డయాలసిస్ వ్యాను వచ్చినప్పుడే దించుతారు. శనివారం మధ్యాహ్నం టీకా కేంద్రం ఉండదు. ఇక మిగిలింది మంగళవారం. మూడింటికి డయాలసిస్ అయిపోతుంది, నాలుగున్నరకు వ్యాను అతన్ని ఇంటికి తీసుకెళ్లిపోతుంది. ఆ మధ్యలో తప్ప అతనికి టీకా వేయించే దారి లేదు. ఈ జ్వరం సోకితే అతను రెండు రోజులు కూడా బతకడని డాక్టర్లు ముందే చెప్పేశారు.

ఆ రోజు కేంద్రాన్ని తనిఖీ చేయడానికి డాక్టర్ వకుళ వచ్చింది. వేళను తయారుచేసిన శాస్త్రవేత్త ఆమే. కారు దిగీ దిగగానే మస్తాన్‌బీ అడ్డం నిలబడింది.

"మేడమ్, ఈ గంటన్నర సీసాలు ఎవరింటికి పోతన్నయ్యి?"

"ఎక్కడికీ పోవమ్మా. వేళ పిలిస్తేనే సీసా బయటికి వస్తుంది."

"మరి మంగళారం మూడింటికి ఎందుకు పిలవదు? మా ఆయనకి కుదిరేది ఆ టైమే. ఐదు వారాల్నించి చూస్తన్నా. లోపల టీలు తాగుతున్నారు గానీ ఒక్కళ్లకి సూది ఏసింది లేదు. దొడ్డిదారిన పెద్దోళ్లకి పోతన్నయ్యని ఊరంతా అంటన్నారు."

వకుళ లోపలికి వెళ్లి రికార్డులు తెరిచింది. ఆమె మొహం మారిపోయింది. మంగళవారం ఒక్కటే కాదు. సోమవారం ఉదయం ఏడున్నర నుంచి తొమ్మిది, బుధవారం పన్నెండు నుంచి ఒంటిగంటన్నర, శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు. రోజుకో గంటన్నర, ఏ రోజుకారోజు వేరే సమయం. ఎవరో తెలివైనవాడు పట్టుబడకుండా సమయం మార్చి మార్చి దొంగతనం చేస్తున్నట్టే ఉంది. ఆమె స్టోర్‌కీపర్ శరభయ్యను పిలిపించి కాగితం ముందు పెట్టింది.

"ఇది మీ పనేనా?"

శరభయ్య కళ్లజోడు పెట్టుకుని చూశాడు. గోడ మీది క్యాలెండర్ తీసుకొచ్చి కాగితం పక్కన పరిచాడు.

"ఇవి రాహుకాలాలండి," అన్నాడు.

వకుళ రెంటినీ మూడుసార్లు సరిపోల్చుకుంది. నిమిషం కూడా తేడా లేదు.

వేళకు ఎవరూ పంచాంగం నేర్పలేదు. మొదటి నెలలో ఆ సమయాల్లో పిలిచినవాళ్లలో ముప్పాతిక మంది రాలేదు. ఫోన్ చేసి అడిగితే ఒకరు కడుపునొప్పి అన్నారు, ఒకరు చుట్టాలొచ్చారన్నారు, ఇంకొకరు టైరు పంచరైందన్నారు. చదువుకున్నవాళ్లం ఇలాంటివి పట్టించుకుంటామని చెప్పుకోవడానికి సిగ్గు. వేళ కారణాలు అడగదు గదా. ఆ గంటన్నరలో జనం రారని నేర్చుకుని పిలవడం మానేసింది.

"ఇంత చిన్న సంగతి మీరు నాకు ముందే చెప్పొచ్చు కదండీ!"

"నవ్వుతారేమోనని చెప్పలేదండి," అని శరభయ్య తల దించుకున్నాడు. "మా ఇంట్లో కూడా టైరు పంచరే అయిందండి."

మరుసటి మంగళవారం మూడింటికి పిలవమని వకుళ వేళను బలవంతపెట్టింది. నలభై మందికి ఫోన్లు వెళ్లాయి. వచ్చింది ముగ్గురు. సీసా తీయలేదు. వ్యానులో గంటన్నర కాచుకుని నాగూర్‌వలీ ఇంటికి వెళ్లిపోయాడు. ఆ వారంలోనే డయాలసిస్‌లో అతని పక్క మంచం మనిషి బూడిద జ్వరంతో పోయాడు.

మస్తాన్‌బీ మళ్లీ వకుళ దగ్గరికి వచ్చింది. "మనుషుల్ని నేను తెస్తా మేడమ్. సీసా మీరు తీయించండి."

"ఏం చెప్పి తెస్తావు? ఇది మూఢనమ్మకమని నేను చెప్పి చూశాను. ఎవరూ వినలేదు."

"మంచి మాట చెబితే రారు మేడమ్. ఇన్నాళ్లూ నేను అనుమానపడ్డానే, అదే చెబుతా."

వకుళకు సంగతి అర్థమైంది. వద్దనాలి. కానీ వ్యానులో ఆ మనిషి కూర్చున్న తీరు గుర్తొచ్చి ఊరుకుంది. శాస్త్రవేత్తలు కూడా ఒక్కోసారి ఇలా ఊరుకుంటారు, ఆ తర్వాత పుస్తకాల్లో దాని ఊసే ఎత్తరు.

మస్తాన్‌బీ తన దగ్గర జాకెట్లు కుట్టించుకునే ఆడవాళ్లకు రహస్యంగా చెప్పింది. మంగళవారం మూడింటి సీసా అసలు సీసా అంట, మంత్రుల ఇళ్లకు పోయే రకమంట, మామూలు జనం రాకుండా కావాలనే రాహుకాలంలో పెట్టారంట. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు కూడా వేయించుకుంది. దాంతో సాయంత్రానికల్లా ఊరంతా తెలిసిపోయింది. రాహువు సంగతి మర్చిపోయి పదకొండు వేల మంది ఆ గంటన్నరే కావాలని వేళను అడిగారు. వేళకు నూటికి నూరు పాళ్లు నమ్మకం కుదిరింది. జబ్బు తీవ్రతను బట్టి నలభై పేర్లు ఇచ్చింది. మొదటి పేరు నాగూర్‌వలీది.

ఆ రాత్రి మస్తాన్‌బీ నెలల తర్వాత కడుపునిండా అన్నం తింది.

మంగళవారం రెండున్నరకే రోడ్డు నిండా కార్లు. తెల్ల చొక్కాలు, వాళ్ల వెనక గన్‌మెన్లు, కాంట్రాక్టర్లు, కాంట్రాక్టర్ల అత్తగార్లు. పెద్దోళ్లకు వేస్తున్నారన్న మాట తిరిగి తిరిగి పెద్దోళ్ల చెవిన పడింది. మాకు తెలియకుండా మా కోటా ఎవరు తింటున్నారని వాళ్లకూ అనుమానం వచ్చింది. వకుళకు పైనుంచి వరసగా ఫోన్లు వస్తున్నాయి. ఆమె వరండాలో నిలబడి "కాదండీ, అలాంటి కోటా లేదండీ" అంటూనే ఉంది. అవతలివాళ్లు "మాకు తెలుసులేమ్మా" అంటున్నారు. లోపల నలభై కుర్చీలూ ఆ పెద్దోళ్లతోనే నిండిపోయాయి. కుర్చీల్లో మనుషులున్నారా లేదా అనే వేళ చూస్తుంది. వాళ్లెవరో చూసి వేళ ఇచ్చిన పేర్ల పక్కన టిక్ పెట్టాల్సింది శరభయ్య. గన్‌మెన్ల మధ్య నిలబడి అతను వరసగా నలభై టిక్కులూ పెట్టాడు.

నలుగురు మనుషులు నాగూర్‌వలీని స్ట్రెచర్ మీద గేటు దాకా మోసుకొచ్చారు. లోపలికి పంపలేదు. మస్తాన్‌బీ గేటు కమ్మీలు పట్టుకుని అరిచింది, బతిమాలింది, చివరికి తిట్టింది. ఈ మాట పుట్టించింది నేనేనని ఆమెకు తెలుస్తూనే ఉంది.

నాలుగున్నరకు వ్యాను డ్రైవర్ హారన్ కొట్టాడు. స్ట్రెచర్ లోపలికి ఎక్కించారు. వ్యాను కదిలాక, అతని పక్కన కూర్చున్న ఆమె చేతిలో ఫోను మోగింది.

'నాగూర్‌వలీ గారూ, మీకు టీకా వేయడం పూర్తయింది. సమయానికి హాజరైనందుకు కృతజ్ఞతలు. మీ పేరు జాబితా నుంచి తొలగించాం.'

"వేళ నుంచేనా?" అని నాగూర్‌వలీ ఆశగా తల ఎత్తాడు. "మళ్లీ ఎప్పుడు రమ్మన్నారు?"

మస్తాన్‌బీ ఫోను బోర్లా తిప్పి ఒళ్లో పెట్టుకుంది.

"ఇంక రానక్కర్లేదంట," అంది.