తొమ్మిదో మంచంలో పావుగంట

ఇందులో ఒక్క అబద్ధం ఉన్నా నాకు మిగిలిన మూడు పళ్ళూ ఇప్పుడే ఊడి ఒళ్ళో పడాలి. చూడు, ఊడలేదుగా? అయితే విను, పిల్లా.

నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. నా అంత అందగత్తె ఏడు పేటల్లో లేదు, అది వేరే సంగతి. మొగుడు పోయి అన్నయ్య ఇంటికి చేరాను. మా వదిన, అదే, మీ నానమ్మ, పిచ్చాసుపత్రిలో ఆడవాళ్ళ వార్డుకు హెడ్ నర్సు. నాకక్కడ ఆయా పని ఇప్పించింది తనే. జ్వరమొస్తే రాత్రంతా కూర్చున్నదీ, నా జడ అల్లిందీ తనే. అమ్మ పోయాక అంతటి మనిషి నాకు లేదు.

ఆ వార్డు ఎంత పొడుగంటే, ఈ చివర తుమ్మితే ఆ చివరివాళ్ళకు మర్నాడు వినపడేది. ముప్పై ఇనప మంచాలు. ఫినాయిలు వాసన, ఉడకబెట్టిన దుప్పట్ల వాసన, వాటి అడుగున ఎక్కడిదో తడిమట్టి వాసన. రెండు పూటలా తలలు లెక్కపెట్టడం వదిన పని. ముప్పై తేలితేనే డ్యూటీ దిగేది.

నేను చేరిన మూడోరోజు కొత్త పెద్ద డాక్టరు వస్తున్నాడన్నారు. సరిగ్గా ఆ పొద్దునే లెక్క ఇరవై తొమ్మిది వచ్చింది. తొమ్మిదో మంచం ఖాళీ. కిటికీ ఊచలు ఉన్నవి ఉన్నట్టే, తాళం వేసింది వేసినట్టే. వదిన ముఖాన నెత్తురు చుక్క లేదు. మనిషి తప్పిపోయిందని తెలిస్తే ఉద్యోగం ఊడటమే కాదు, జైలు కూడానంది. నన్ను పక్కగదిలోకి లాక్కెళ్ళి రోగుల నీలం గౌను చేతిలో పెట్టింది. డాక్టరు ఒక చుట్టు తిరిగి వెళ్ళేదాకా పడుకుంటే చాలట.

“ఒక్క పావుగంటే. మా తల్లివి కదూ.”

తన కోసం బావిలో దూకమన్నా దూకేదాన్ని. ఇదెంత? నవ్వుకుంటూ పడుకుని దుప్పటి కప్పుకున్నాను.

పరుపు వెచ్చగా ఉంది... ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళినట్టు.

డాక్టరు బూట్లు ఒకటో మంచం దగ్గర ఆగాయి. రెండో మంచం... మూడో మంచం... అంతలో నా కింద గోళ్ళతో ఇనుమును గీరుతున్న చప్పుడు. మెల్లగా. ఓపిగ్గా. తడిమట్టి వాసన గుప్పుమంది. పరుపుకు అటువైపు నుంచి, సరిగ్గా నా చెవి కింద, ఒక గొంతు.

“నాకూ పావుగంటే అన్నారు.”

నేను పెట్టిన కేకకు కప్పు మీది పెంకులు పదహారు రాలాయి. లేచి కూర్చుంటే ఎదురుగా డాక్టరు. నేను రోగిని కాదనీ, ఆయాననీ, ఈవిడ నా సొంత వదిననీ, మంచం కింద మనిషుందనీ గడగడా చెప్పేశాను. ఆయన వంగి చూశాడు. ఎవరూ లేరు. తల తిప్పి వదిన వైపు చూశాడు. వదిన నా వైపు చూసింది. నన్నెక్కడా చూసిన గుర్తు లేనట్టు చూసింది.

“రోజూ ఇదే పాట సార్,” అంది.

మిగతా ఆయాలు తలలు దించుకున్నారు. చేతికి సూది దిగింది. సూదిది ఏం నొప్పి, పిల్లా? దాన్ని పట్టుకున్నది నా జడ అల్లిన చెయ్యి.

పదకొండు రోజులు. అందరికీ పదకొండేళ్ళని చెబుతాను గానీ, ఒట్టు పెట్టాను కనక పదకొండు రోజులే. అన్నయ్యతో నేను ఊరెళ్ళానని చెప్పిందట. రెండు పూటలా నన్ను వేలితో చూపించి ‘తొమ్మిది’ అనేది. నాతో మాట్లాడింది కింది గొంతొక్కటే. తనూ ఒకప్పుడు ఆయానేనట. సొంత తోడికోడలే తెచ్చి పడుకోబెట్టిందట. ఆ వార్డులో నా మనిషంటూ మిగిలింది అదే.

పదకొండోనాటి మధ్యాహ్నం వదిన మాత్రలు తెచ్చి, మంచం పక్కన కూలబడి ఏడ్చింది. ఇంకో నెల ఓపిక పట్టమంది, ఏదో దారి చూస్తానంది. ఉన్నట్టుండి ఏడుపు ఆపింది. తనకూ ఆ కింది గొంతు వినపడింది. తాళాల గుత్తి నేలమీద పెట్టి, దుప్పటి అంచెత్తి, వంగింది. ఇంకా వంగింది... నడుము దాకా లోపలికి పోయింది...

వద్దని చెప్పొచ్చు. చెప్పలేదు. గుత్తి తీసుకుని, దండెం మీది ఆయా చీర చుట్టుకుని నడిచి వచ్చేశాను.

అన్నయ్య నా మాట ఒక్కటీ నమ్మలేదు. సాయంత్రం వేళకు వదిన మామూలుగా ఇంటికొచ్చింది. కాళ్ళు కడుక్కుంది. వంట చేసింది. మర్నాడు ఒక ఆయాను దారిలో ఆపి అడిగాను. లెక్క ముప్పై సరిగ్గా ఉందట. తొమ్మిదో మంచంలో ఎవరో గోడవైపు తిరిగి, తనే హెడ్ నర్సునని ఏడుస్తోందట.

ఆనాటి నుంచి మీ నానమ్మ మంచమెక్కి పడుకోలేదు. కింద చల్లగా ఉంటుందని మీకు చెబుతుందిగా. నాకు మాత్రం కొసరి కొసరి అన్నం పెడుతుంది, వదిన ఏనాడూ పెట్టనంత ప్రేమగా. మరుసటేడు మీ నాన్న పుట్టాడు. ఇంకేం అడుగుతాను?

సరే, పొద్దుపోయింది. ఆ పాలు రెండు గ్లాసుల్లో పోసి ఆవిడ గదిలోకి పట్టుకెళ్ళు. రెండెందుకని అడక్కు. నేలమీద పెట్టి కాలితో మంచం కిందికి తొయ్యి, చెయ్యి పెట్టకు. రెండోదాంట్లో చక్కెర వెయ్యకు సుమా. వేస్తే గ్లాసు తిరిగి రాదు.