పసుపు గీతకి అవతల

"ఈ ఫోటోలో ఉన్నామె మన మనిషే. డబుల్ ఏజెంట్. కొత్త మందుకి నకిలీ శాంపిల్ పట్టుకెళ్లి విదేశీ ముఠాకి అంటగడుతుంది. అసలు శాంపిల్ లాబ్ దాటకూడదు. కాపలా నీది," అన్నాడు చీఫ్, ఎదురుగా నిలబడ్డ లేడీ ఏజెంట్‌తో.

ఆ మందు కనిపెట్టిన సైంటిస్టు ఈ ఏజెంట్‌కి స్వయానా మొగుడు. పెళ్లాం బీమా ఆఫీసులో పనిచేస్తోందని ఆయన నమ్మకం.

మర్నాడు ఏజెంట్, అయస్కాంతాన్ని చల్లబరిచే హీలియం నింపే టెక్నీషియన్ వేషంలో, ముఖానికి నల్లటి షీల్డుతో ఎన్‌ఎమ్‌ఆర్ గదిలో నిలబడింది. మధ్యలో మనిషెత్తు అయస్కాంతం. రోగం తెచ్చే ప్రొటీన్‌కి ఏ అణువు అతుక్కుంటుందో అందులో పెట్టి చూస్తారు. వేల అణువుల్లో అతుక్కున్నది ఒక్కటే.

అతుక్కునేది ఇంకొకటి కూడా ఉందని కాసేపట్లోనే తేలింది. ముడిలో పొడవాటి పిన్ను గుచ్చుకున్న ఆ డబుల్ ఏజెంట్, ఆయన భుజానికి భుజం రాస్తూ నవ్వుతోంది. ఆయన కుర్చీ లాగి మరీ కూర్చోబెట్టాడు! ఇన్నేళ్లలో పెళ్లానికి ఒక్క స్టూలైనా జరిపిన పాపాన పోలేదు. ఏజెంట్‌కి ఒళ్లు మండిపోయింది.

"సార్, దాని మీద అనుమానంగా ఉంది," మైకులో గొణిగింది.

"అనుమానమా, అసూయా?"

"రెండూ ఒకే పొయ్యి మీదున్నాయి సార్."

"మిషన్ చూడు. మొగుణ్ణి కాదు."

ఆమె మాత్రం మొగుణ్ణే చూసింది. నకిలీ ట్యూబు డబుల్ ఏజెంట్ బ్యాగులోకి చేరింది. బయట కారు స్టార్టయింది.

"వెళ్లేముందు ఒక్కసారి దగ్గరికొచ్చి చూడండి," అంటూ ఆయన నేల మీది పసుపు గీత దాటాడు. ఇనుము ఏదీ ఆ గీత దాటకూడదు.

"ఇక్కణ్ణుంచే కనిపిస్తోంది లెండి," అంటూ డబుల్ ఏజెంట్ వెనక్కి జరిగింది.

పొద్దుట్నుంచి ఆయన్ని జిగురులా పట్టుకు తిరిగిన మనిషి, ఆయనే పిలిస్తే రాదా? వాచీ, గాజులు గుమ్మం దగ్గరే తీసిపెట్టింది. మరి పిన్ను?

"వెళ్లనివ్వు!" అని చీఫ్ అరుస్తుండగానే ఏజెంట్ ఆమెని గీత అవతలికి ఒక్క తోపు తోసింది. అందులో డ్యూటీ ఎంతో, కసి ఎంతో ఆమెకే తెలియదు. పిన్ను ముడిలోంచి ఎగిరి అయస్కాంతానికి ఠప్పున అంటుకుంది. ఆ బోలు పిన్ను మూత ఊడి, దూదిలో చుట్టిన అసలు శాంపిల్ జారి ఆయన చేతుల్లో పడింది.

"టీ చల్లారింది," అని మైకులో కోడ్ చెప్పింది ఏజెంట్. గార్డులు దూసుకొచ్చి డబుల్ ఏజెంట్‌నీ, బయట కారులో ఉన్న ముఠానీ పట్టుకున్నారు.

సాయంత్రం ఇంట్లో ఆయన నోరు ఆగలేదు. "ఆ హీలియం టెక్నీషియన్ ఉంది చూశావూ! ఏం ధైర్యం, ఏం చురుకు! మొహం కనబళ్లేదు గానీ భలే ఉంటుందనుకుంటా. రేపు కాఫీకి పిలుస్తాను."

"అలాగే పిలవండి," అంటూ కంచం ఠంగుమని పెట్టి, పక్క గదిలోకెళ్లి ఫోన్ తీసింది ఏజెంట్.

"సార్, ఆ టెక్నీషియన్‌ని రేపటికల్లా ఎక్కడికైనా ట్రాన్స్‌ఫర్ చేసెయ్యండి."