నాలుగో షెడ్డులో స్టూలు

ఇదంతా పట్టపగలు జరిగింది. ముందే చెప్పేస్తున్నాను. దెయ్యాలు అర్ధరాత్రే తిరుగుతాయనేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. నేను చూసింది సాయంత్రం నాలుగున్నరకి, డ్యూటీ దిగడానికి అరగంట ముందు.

మల్కాపురంలో మాది డ్రమ్ముల కంపెనీ. పేరెందుకులెండి, ఇంకా అక్కడి కూడే తింటున్నాను. రేకులు కోసి, చుట్టి, మూతలు కొట్టి నూనె డ్రమ్ములు చేస్తాం. డెబ్బై ఎనిమిదిలో ఆర్డర్లు పడిపోయాయి. అరవై మందిని తగ్గించాలన్నారు. తీసేస్తే యూనియను ఊరుకోదు, లేబరాఫీసు ఊరుకోదు. అదే మనిషి తనంతట తాను రాజీనామా ఇచ్చి పోతే? ఎవరికీ ఏ గొడవా లేదు. ఆ తెలివి మా పర్సనల్ ఆఫీసరు గురునాథరావుది.

ఆయన తిట్టేవాడు కాదు. పని లాగేసుకునేవాడు. నాలుగో నంబరు షెడ్డులో మూతలు కొట్టే పాత ప్రెస్సు ఒకటుండేది. దాని బెల్టు ఊడదీయించి, కిటికీలకి రేకులు కొట్టించి, దానికెదురుగా ఒక స్టూలు, ఒక బల్ల వేయించాడు. బల్ల మీద టైపు కొట్టిన రాజీనామా, పక్కన పెన్ను. ఎనిమిదికి లోపల పెట్టి తాళం వేసేవారు, అయిదుకి తీసేవారు. రెక్కలు ముక్కలు చేసుకుని బతికినవాణ్ణి ఊరికే కూర్చోబెడితే ఎలా ఉంటుందో మీకేం తెలుసు? చేతులు ఏం చేయాలో తెలీక మనల్నే గీరుకుంటాయి. ఒకడు నాలుగు రోజులకి, ఒకడు వారానికి సంతకం పెట్టేసి ఏడ్చుకుంటూ పోయారు.

సూరన్న పెట్టలేదు. నాకు వరసకి బావ, నన్నూ బావా అనే పిలిచేవాడు, ఆ ప్రెస్సు మీద పన్నెండేళ్ళు పనిచేసినవాడు. నలభై రోజులు కూర్చున్నాడు. నలభై ఒకటో రోజు పొద్దున్న ఆ ప్రెస్సు పక్కనే చచ్చిపడి ఉన్నాడు. కుడి చెయ్యి నుజ్జునుజ్జు. బల్ల మీద రాజీనామాకి వేలిముద్ర, ముందురోజు తారీకు. అంటే చచ్చేనాటికి మా కంపెనీ మనిషే కాడట. దొంగతనానికి దూరాడట! సూరన్న ఎనిమిదో క్లాసు చదివాడండీ. జీతం తీసుకున్నప్పుడల్లా గుండ్రంగా సంతకం పెట్టేవాడు. శవానికి నీళ్ళు పోసినప్పుడు నేనక్కడే ఉన్నాను. ఆ చేతికి బొటనవేలు లేదు.

మాలో ఒక పద్ధతుంది. మిషను మీద మనిషి పోతే, దాని మొదట్లో కోడిని కోసి, పసుపునీళ్ళు చల్లాకే మళ్ళీ ఎవడైనా దాని ముందు నిలబడతాడు. ఎప్పుడూ కంపెనీయే కోడిని తెప్పించేది. ఈసారి కుదరదన్నారు. కోడిని కోస్తే అక్కడ మనిషి పోయాడని ఒప్పుకున్నట్టే కదా.

తరవాతి వంతు నాది.

"సంతకం ఎట్టీకు," అంది మా ఆవిడ నారాయణమ్మ. "ఇద్దరు పిల్లల్తో ఏటి తింతాం? కూకోమంటే కూకో. కూకుంటే సచ్చిపోతామేటి?"

అనేసి, సూరన్న గుర్తొచ్చి నాలిక కరుచుకుంది.

తలుపు మూస్తే షెడ్డంతా చీకటి గుయ్యారం. పైరేకుల్లో మేకు బెజ్జాలుండేవి, వాటిలోంచి పడే వెలుతురే దిక్కు. తుప్పు వాసన, గ్రీజు వాసన... మధ్యాహ్నం రేకులు కాగేసరికి ఇంకో వాసన. మేకని కోసిన చోట వస్తుందే, అది. బయట లారీలు, ఓడల కూతలు వినిపిస్తూనే ఉండేవి. అన్నీ ఆగిన క్షణంలో లోపల ఒక చప్పుడు.

టక్.

ప్రెస్సు పక్కనుండే పెద్ద చక్రం ఒక్క పన్ను జరిగినట్టు. బెల్టు లేదు. మోటారుకి కరెంటే లేదు.

మొదటిరోజే క్యారేజీ విప్పి ఒక ముద్ద తీసి ప్రెస్సు బల్ల మీద పెట్టాను. "బావా, తిను" అన్నాను. భయానికి కాదు, ప్రేమకే. సాయంత్రం చూస్తే ముద్ద లేదు. మెతుకులు కాగితం కన్నా పల్చగా, రేకులాగ అణిగిపోయి ఉన్నాయి. మరి నేను ఎనిమిది నుంచి ఆ స్టూలు మీదే కూర్చుని ఉన్నానే! మూతలు కొట్టే అచ్చు ఎప్పుడు దిగింది? నాకెందుకు వినపడలేదు? రోజూ అదే వరస.

పంతొమ్మిదో రోజు పొద్దున్న గురునాథరావు తలుపు దగ్గర నిలబడి నవ్వాడు. "ఇవాళ సాయంత్రంతో తేల్చేద్దాం చలమయ్యా" అన్నాడు. ఆయన వెళ్ళగానే, బుద్ధి గడ్డి తిని, ప్రెస్సు మీద చెయ్యి వేసి మొక్కేసుకున్నాను.

"సూరన్న బావా, ఈ కంపెనీలోంచి నన్నెవడూ పంపకుండా సూడు. నీకు నాను కోడిని కోత్తాను."

చేతి కింద ఇనుము వెచ్చబడింది.

ఆ రోజు పోర్టులో తుపాను జెండా ఎత్తారు. నాలుగింటికే చీకటి పడింది. వాన రేకుల మీద గులకరాళ్ళలా పడుతోంది. తాళం తీశారు. గురునాథరావు, వెనక ఇద్దరు మనుషులు. కంపెనీవాళ్ళు కారు.

"సంతకం పెడతావా?"

"పెట్టనండి."

ఆ ఇద్దరూ నన్ను స్టూలు మీంచి ఈడ్చారు. ఒకడు మెడ వంచాడు. ఇంకొకడు నా కుడి చెయ్యి లాగి ప్రెస్సు బల్ల మీద, అచ్చు కింద పరిచాడు. బెల్టు లేకపోయినా చక్రాన్ని చేత్తో తిప్పితే అచ్చు దిగుతుంది. పెదవి చిట్లి నోట్లో రక్తం. గురునాథరావు నా చెవి దగ్గరకి వంగాడు.

"సూరన్ననీ ఇలాగే అడిగానయ్యా. సంతకమా, వేలిముద్రా అని."

టక్...

నన్ను పట్టుకున్నవాడు తల తిప్పి చూశాడు. చక్రం కదులుతోంది. బెల్టు లేకుండా, ఎవరూ ముట్టకుండా... నెమ్మదిగా... తరవాత జోరుగా. గాలి కొడుతోంది.

నా మెడ వెనక ఎవరో గుసగుసగా అన్నారు.

"బావా... సెయ్యి తీ."

తీసేశాను. ఎలా తీశానో నాకే తెలీదు. వెనక్కి పడ్డాను. ఆ ఇద్దరూ తలుపు వైపు పరిగెత్తారు. గురునాథరావు మటుకు కదల్లేదు. కదలనివ్వలేదు. ఆయన కుడి చెయ్యి ముందుకి సాగుతోంది... ఎవరో మణికట్టు పట్టుకుని లాగుతున్నట్టు. కాళ్ళు నేల మీద జారుతున్నాయి.

"చలమయ్యా! పట్టుకో! పట్టుకోవయ్యా..."

నేను పట్టుకోలేదు. అబద్ధం ఎందుకు, పట్టుకోవాలనిపించలేదు.

అచ్చు దిగింది. ఎముకలు చెరుకు విరిగినట్టు విరిగాయి. లేచింది. మళ్ళీ దిగింది. ఈసారి మోచేయి. ఆయన అరుపు మనిషి అరుపులా లేదు. మూడోసారి భుజం, దానితోపాటే తల. నా మొహం మీద వెచ్చగా చిమ్మింది. ఆ తరవాత వాన చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

చక్రం ఆగింది. వాచ్‌మన్ ఖాజా లాంతరు పట్టుకుని వచ్చి, గుమ్మంలోనే కూలబడిపోయాడు.

మర్నాడు కంపెనీ ఏం చెప్పిందో తెలుసా? గురునాథరావు గారు ముందురోజే రాజీనామా చేశారట. కాగితం చూపించారు. దాని మీద వేలిముద్ర. ఎమ్మే చదివిన మనిషికి వేలిముద్ర! నాకు నవ్వొచ్చింది, నవ్వుతూనే వాంతి చేసుకున్నాను.

నా జోలికి మళ్ళీ ఎవరూ రాలేదు. మొక్కు తీర్చాలి కదా. నేను కాళ్ళావేళ్ళా పడితే ఖాజా తాళం తీశాడు.

"వద్దు భాయ్. సచ్చినోడితో బేరం ఆడితే ఖతం అవదు," అన్నాడు.

వింటే కదా. కోడిని కోశాను. రక్తం నేల మీద పడలేదు. పడే లోపలే ఇనుము తాగేసింది.

ఎనభై రెండులో నాకు స్టీలు ప్లాంటులో పని దొరికింది. సంతోషంగా నా చేతులతో నేనే రాజీనామా రాసి గుమస్తా తాతబాబుకిచ్చాను. ఆ మధ్యాహ్నమే గేటు మూస్తూ తాతబాబు కుడి చెయ్యి ఇరుక్కుని నాలుగు వేళ్ళు తెగిపోయాయి. నా కాగితం నా క్యారేజీలో దొరికింది, అణిగిన మెతుకుల కింద. ఇక చచ్చినా రాజీనామా ఊసెత్తలేదు. జీతం నెలనెలా వచ్చింది. పిల్లలు పెరిగారు. ఏ మాటకామాటే, బావ నన్ను కాపాడాడు.

ఇప్పుడు ఎనభై తొమ్మిది. రేపటితో నాకు యాభై ఎనిమిది నిండుతాయి. రిటైర్మెంటు. పూలదండ, టీ, కారప్పూస. ఆ తరవాత ఆర్డరు అందుకున్నట్టు నేను సంతకం పెట్టాలి. నన్ను కంపెనీలోంచి పంపించే కాగితం మీద, నా కుడి చేత్తో.

బావకి రిటైర్మెంటంటే తెలుసో లేదో.

ఇందాక కాళ్ళు కడుక్కుని వచ్చి కూర్చున్నాను. నారాయణమ్మ అన్నం పెడుతూ నా చెయ్యి పట్టుకుని దీపం దగ్గరకి లాగింది. మణికట్టు చుట్టూ నల్లటి గ్రీజు మరకలు, గట్టిగా పట్టుకున్న వేళ్ళ మరకలు. నన్ను తేలిక పనిలో వేశాక గ్రీజు ముట్టుకుని ఏడాదయింది. ఆవిడ కొంగుతో తుడిచింది. పోలేదు. వేలు పెట్టి ఒక్కొక్కటీ లెక్కపెట్టింది.

"నాలుగే ఉన్నాయి," అంది. "బొటనేలిది లేదేటి?"