కామెంట్లు మూసేది లేదు

"కామెంట్లు మూసేద్దామండీ, పీడా పోతుంది," అన్నాడు ఆ అబ్బాయి, తడిసిన గొడుగు ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తోనే పట్టుకుని.

షాపులోకి వచ్చి ఇంకా కూర్చోనైనా లేదు. ఎవరితో అంటున్నాడో చూసుకోనూ లేదు. వెబ్‌సైట్లు చేసే కుర్రాడు, షాపు యజమాని ఫోన్ చేసి రమ్మంటే వచ్చాడు, యజమాని కోరిందే పైకి అనేశాడు. కానీ యజమాని ఆ క్షణంలో వెనకగదిలో ఉన్నాడు. ఎదురుగా ఉన్నది యజమాని చెల్లెలు. చేతిలో స్క్రూడ్రైవర్, బల్లమీద పొట్ట విప్పిన కుట్టుమిషన్.

ఆ అమ్మాయిని ఇంట్లో అందరూ గుండుసూది అంటారు. చిన్నప్పుడు సన్నగా ఉందని పెట్టారు. మాటలు వచ్చాక ఆ పేరే ఖాయం చేశారు.

"అలాగే మూసేద్దాం. ముందు పైన నేను రాసింది తీసెయ్యండి. కింద వాళ్లు రాసింది మాత్రం ఉంచండి," అంది గుండుసూది తలెత్తకుండానే.

అబ్బాయి తెల్లమొహం వేశాడు. గొడుగు నీళ్లు తన బూట్లోకే కారుతున్నాయి, పాపం అదీ చూసుకోలేదు.

సంగతేమిటంటే, ఆ షాపులో అన్నయ్య కొత్త మిషన్లు అమ్ముతాడు, చెల్లెలు పాతవి బాగుచేస్తుంది. బాగుచేసినవాటి గురించి షాపు సైటులో బ్లాగు రాస్తుంది. సూది ఎందుకు విరుగుతుంది, దారం ఎందుకు తెగుతుంది, ఇవీ కబుర్లు. లోకం తలకిందులయ్యే విషయాలేం కావు. అయినా టైలర్లూ, ఇంట్లో కుట్టుకునేవాళ్లూ వచ్చి కింద కామెంట్లలో తెగ మాట్లాడుకుంటారు. ఆ కామెంట్ల పెట్టె బయటి కంపెనీ ఏదో ఊరికే ఇచ్చింది. ఊరికే ఇచ్చినవాడు ఊరుకుంటాడా? దాన్నిండా ప్రకటనలు కూరడం మొదలెట్టాడు. సూది విరిగింది మొర్రో అన్న మనిషికి జవాబుకన్నా ముందు పొట్ట తగ్గించే బెల్టు కనపడుతోంది. పెట్టె మార్చక తప్పదు.

ఇంతలో ఇంకో తలనొప్పి వచ్చిపడింది. కత్తెర అని పేరు పెట్టుకున్న ఒకాయన, అన్నయ్య అమ్మే కొత్త మిషన్లో గేరు ప్లాస్టిక్‌దనీ, దళసరి బట్ట కుడితే దాని పళ్లు అరిగిపోతున్నాయనీ రాశాడు. దాని కింద మాకూ, మాకూ అంటూ జనం. మిషన్ల కంపెనీవాళ్లకి ఒళ్లు మండింది. అది తీసెయ్యకపోతే డీలర్‌షిప్ తీసేస్తామన్నారు. దాంతో అన్నయ్య, మార్చడం ఎందుకు, కామెంట్లే లేకుండా చేస్తే పోలా అన్నాడు.

గుండుసూది ఆ గేర్లు తన చేత్తో విప్పి చూసింది. కత్తెర అన్నదాంట్లో అబద్ధం లేదు. నిజం చెప్పినవాడి మాట తుడిచేస్తే, రేపట్నుంచి తను రాసేది మాత్రం ఎవరు నమ్ముతారు? కామెంట్లు పోయిన రోజు బ్లాగూ ఉండదు, ఈ బల్లముందు నేనూ ఉండను అని ఇంట్లో తెగేసి చెప్పింది.

ఇవేవీ తెలియని మన అబ్బాయి, అసలు కామెంట్లు ఎవరు చదువుతారండీ అని ఇంకో మాట జారాడు. గుండుసూది చేతులు తుడుచుకుని, స్టూలు ముందుకి జరిపి, లాప్‌టాప్ అతనివైపు తిప్పింది. చదవండి అంది. బయట వాన గట్టిగా పట్టుకుంది కాబట్టి పారిపోయే దారి కూడా లేదు.

చదివాడు. కింద దారం ముడిపడుతుంటే ఏం చెయ్యాలనే వ్యాసం అది. కిందదారం ఉండే బాబిన్ కేసు స్క్రూ బిగించమని గుండుసూది రాసింది. కింద ఇదే కత్తెర, "తప్పమ్మా, కింద ముడిపడితే తప్పు పైదారానిది. బట్టని నొక్కే ఫుట్ పైకెత్తి దారం మళ్లీ ఎక్కించు," అన్నాడు. ఆవిడ తన మాటని కొట్టేసి, కొట్టేసింది కనపడేలాగే ఉంచి, కత్తెర చెప్పిందే రైటు అని రాసుకుంది. పేజీ నెత్తిన పెద్ద అక్షరాల్లో ఒక హెచ్చరిక: బూతులూ మోసాలూ తప్ప ఇక్కడ ఎవరి మాటా తీసేది లేదు, నన్ను తిట్టినా సరే.

"నిజంగా తిడితే?" అన్నాడు.

"తిట్టి చూడండి."

అబ్బాయికి నవ్వాగలేదు. అప్పుడు చూసింది గుండుసూది అతని మొహం కేసి, మొదటిసారి, సరిగ్గా. కళ్లద్దాలమీద వాన చుక్కలు, వాటి వెనక ఓడిపోయినా బాధపడని కళ్లు. ఓడిపోయాక నవ్వే మగాళ్లని ఆవిడ పెద్దగా చూళ్లేదు. వెంటనే చూపు తిప్పేసి మిషన్లో నూనె వేసింది. ఆ మిషన్లో అప్పటికే నూనె ఉంది.

మర్నాటినుంచి పెళ్లిచూపుల్లాగే సాగింది, కాకపోతే సంబంధాలన్నీ కామెంట్ పెట్టెలకి. అతను ఒక్కోటీ తెచ్చి చూపించడం, ఆవిడ వంకలు పెట్టడం. మొదటిది చూడ్డానికి బాగుంది, కానీ చదవడానికొచ్చినవాళ్ల వెంటపడి, వాళ్లు ఇంకెక్కడెక్కడ తిరుగుతున్నారో రాసుకుంటుందిట. మన ఇంటికొచ్చినవాళ్ల జేబులు వెతికేవాణ్ణి గుమ్మంలో నిలబెడతామా అని గుండుసూది దాన్ని వెనక్కి పంపింది.

రెండోదానికి లాగిన్ కావాలి. సొంత పేరు, సొంత ఫోటో ఉంటేనే మాట్లాడనిస్తుంది. అన్నయ్యకి ఇది తెగ నచ్చింది. మొహం కనపడితే ఒక్కడూ నోరు విప్పడు, కంపెనీ సంతోషిస్తుంది అన్నాడు. గుండుసూది స్క్రూడ్రైవర్ బల్లమీద పెట్టేసింది. అది పెట్టేసిందంటే మాట పెద్దదని ఇంట్లో అందరికీ తెలుసు. కుట్టుపనికి వెళ్లే మనిషి సొంత పేరుతో మిషన్ బాగాలేదని రాస్తే పని ఉంటుందా? ఉద్యోగం ఉండాలంటే నోరు మూసుకోమని చెప్పే పెట్టె నాకక్కర్లేదు అంది.

మూడోది మన సైటులోనే, మన చేతిలోనే ఉంటుంది. లాగిన్ లేదు. నచ్చిన పేరు రాసి, మాట రాసి, నొక్కడమే. ఒకటే చిక్కు, చెత్త కామెంట్లు వచ్చి పడతాయి, ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. ఇది చెప్పేటప్పుడు అబ్బాయి గోడమీది కేలెండర్ కేసి చూశాడు.

"దాని కోసం నేను అప్పుడప్పుడూ రావాల్సి ఉంటుంది," అన్నాడు.

"రండి. ఎవరొద్దన్నారు?" అంది గుండుసూది, ఆవిడా కేలెండర్ కేసే చూస్తూ.

షాపు వెనకే ఉన్న ఇంట్లోంచి టీ తెచ్చిన వదిన ఆ కేలెండర్లో అంత విశేషం ఏముందా అని తనూ ఓసారి చూసి, ఏమీ లేదని తేల్చుకుని, నవ్వుకుంటూ లోపలికి పోయింది.

కొత్త పెట్టెని ముందు టెస్ట్ సైటులో పెట్టాడు. అంటే అసలు సైటుకి నకలు, బయటివాళ్లకి కనపడదు. అది పనిచేస్తోందో లేదో చూడ్డానికి తనే కామెంట్లు రాసుకునేవాడు. ఏం రాస్తారని గుండుసూది అడిగింది. ఏదో ఒకటిలెండి, తర్వాత తుడిచేస్తాను అని లాప్‌టాప్ అటు తిప్పేసుకున్నాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

అంతా సవ్యంగా ఉంటే కథేముంది? మార్చే రోజు దగ్గరపడుతుండగా, వెనకగదిలో అన్నయ్య గొంతు తగ్గించి మాట్లాడ్డం గుండుసూది చెవిన పడింది. "ఆ కత్తెర కామెంట్ ఒక్కటీ వదిలెయ్యి. మార్చేటప్పుడు పోయిందని చెప్పు, మా చెల్లికి తెలియదు." అబ్బాయి ఏదో నీళ్లు నమిలాడు. ఏమన్నాడో వినపడలేదు. ఔనన్నాడనే అనుకుంది.

మార్చిన రోజు సాయంత్రం సైటు తెరిచి చూస్తే, ఉండాల్సిన చోట కత్తెర లేడు. గుండుసూదికి ఒళ్లంతా కారం రాసినట్టయింది. ఫోన్ చేసింది. ఇంకా వస్తున్నాయండీ, కొన్ని ఆలస్యంగా పడతాయి, పొద్దున్నకి... అని అబ్బాయి చెబుతుంటే వినిపించుకోలేదు.

"మీరు నవ్వితే మంచివారనుకున్నాను. మీరు మరిచిపోయిన గొడుగు ఇక్కడే ఉంది, ఎవర్నైనా పంపించి తెప్పించుకోండి," అని పెట్టేసింది. పెట్టేశాక చాలాసేపు ఆ గొడుగు కేసే చూస్తూ కూర్చుంది. కోపం కోపమే, ఏడుపు ఏడుపే.

పొద్దున్న వదిన ఫోన్ చూసుకుంటూ పకపకా నవ్వడం మొదలెట్టింది. అమ్మ వచ్చి చూసి, కళ్లజోడు తెచ్చుకుని మళ్లీ చూసింది. అన్నయ్య మొహం మాత్రం కందగడ్డలా అయింది. గుండుసూది లాప్‌టాప్ తెరిచింది.

కత్తెర వచ్చేశాడు, ఒక్క అక్షరం పోకుండా. మాకూ మాకూ అన్నవాళ్లందరూ వచ్చేశారు. అక్కడితో ఆగితే బావుండేది. రాత్రి ఫోన్లో తిట్లు తిన్న అబ్బాయి మనసు మనసులో లేదు, టెస్ట్ సైటులో తను రాసుకున్నవి తుడవడం మరిచిపోయాడు. మిగిలిన కామెంట్లతోబాటు వాటినీ ఎత్తి అసలు సైటులో పెట్టేశాడు. దారం ముడిపడే వ్యాసం కింద వరసగా, టెస్ట్ అనే పేరుతో, ఇలా పడున్నాయి:

"టెస్ట్. పనిచేస్తోందా?"

"టెస్ట్. ఆవిడ వాదించేటప్పుడు చేతిలో స్క్రూడ్రైవర్ ఉంటుంది. ఇప్పుడు భయం వెయ్యడం లేదు."

"టెస్ట్. కత్తెర కామెంట్ మాయం చెయ్యమని వాళ్లన్నయ్య అడిగాడు. చెయ్యను. పని పోతే పోయింది, తర్వాత ఆవిడ మొహం ఎలా చూడను?"

"టెస్ట్. ఆవిడంటే నాకు చాలా చాలా ఇష్టం. ఈ మాట రెండు లైన్లలో పడుతుందా, మూడవుతుందా చూడాలి."

దాని కింద జనం అప్పుడే దిగిపోయారు. రెండింట్లోనే పడింది బాబూ అని కత్తెర. నా ఫోన్లో మూడొచ్చాయి అని బొత్తాల పిన్ని అనే ఇంకొకావిడ. ఇంతకీ ఆవిడేమందో చెప్పండి, కుట్టుపని ముందుకి సాగట్లేదు అని ఊరూపేరూ లేని మనిషి.

గుండుసూది ఒకటికి రెండుసార్లు చదివింది. మొదట సిగ్గు, దాని వెంటే రాత్రి తను అన్న మాటలు. నోరు చేసుకున్నది ఎవరి మీద!

అప్పుడే అబ్బాయి వచ్చిపడ్డాడు. గొడుగు ఇక్కడే ఉందాయె, తల నుంచి కాలి దాకా ముద్దయ్యాడు. ఎవరి మొహమూ చూడకుండా, ఒక్క నిమిషం ఇవ్వండి, అన్నీ తీసేస్తాను, క్షమించండి అంటూ లాప్‌టాప్ కేసి నడిచాడు.

అన్నయ్య అడ్డం వెళ్లాడు. తియ్యడం కాదు, మొత్తం మూసెయ్యమన్నాడు. కంపెనీ సరే, ఇంటి ఆడపిల్ల సంగతి అడ్డమైనవాళ్లూ చదువుతున్నారు, నలుగురిలో తలెత్తుకునేదెలా, నీకు ఇవాల్టితో ఇక్కడ పని లేదు, పోతూ పోతూ ఆ పెట్టె మూసి పో అన్నాడు.

"పని లేకపోతే పర్లేదండీ," అన్నాడు అబ్బాయి మొహంమీది నీళ్లు తుడుచుకుంటూ. "నేను రాసింది తీసేస్తాను. పెట్టె మాత్రం మూసి వెళ్లను."

గుండుసూది లేచింది. లాప్‌టాప్ మూత వేసి దాని మీద చెయ్యి పెట్టింది.

"ఎవరూ ఏదీ తీసేది లేదు," అంది. "కత్తెర నిజం రాశాడని ఉంచాను. ఈయన రాసింది బూతా? మోసమా? నా గురించి అయ్యేసరికి తుడిచేస్తే, అన్నయ్యా, నీకూ నాకూ తేడా ఏముంది? కంపెనీ మిషన్లు పట్టుకుపోతుందా, పోనీ. పాతవి బాగుచెయ్యడానికి ఎవడి డీలర్‌షిప్పూ అక్కర్లేదు నాకు. నీకేమైనా చెప్పాలనుంటే నువ్వూ రాయి. పెట్టె తెరిచే ఉంది."

అమ్మ కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. ఒరేయ్, చదవాల్సినవాళ్లంతా చదివేశారు, ఇప్పుడు తీస్తే తీశావన్నదీ చదువుతారు, నువ్వడిగిన పని ఆ కుర్రాడు చెయ్యనన్నాడు చూడు, నాకదే నచ్చింది అని లోపలికి వెళ్లి తువ్వాలు తెచ్చి అబ్బాయి చేతిలో పెట్టింది.

అన్నయ్య కౌంటర్ వెనక కూలబడ్డాడు. ఫోన్ తీశాడు. ఒంటి వేలితో ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ చాలాసేపు కొట్టాడు. వదిన భుజం మీంచి తొంగి చూస్తే ఫోన్ గుండెకి ఆనించుకున్నాడు. చివరికి నొక్కాడు. వదిన తన ఫోన్లో పైకి చదివింది:

"షాపు యజమానిని. మాయం చెయ్యమని అడిగింది నిజమే, తప్పు నాదే. ఆ గేరు పోయినవాళ్లు మిషన్ తీసుకురండి, ఇనుపది వేసిస్తాం. టెస్ట్ అనే అబ్బాయి వచ్చే ఆదివారం వాళ్ల పెద్దవాళ్లని తీసుకుని మా ఇంటికి రావాలి."

అబ్బాయి తువ్వాలు అలాగే తలమీద పెట్టుకుని నిలబడిపోయాడు. పెద్దవాళ్ల సంగతి తర్వాత, ముందు జవాబు చెప్పాల్సిన మనిషి ఇంకా చెప్పలేదు. ఆవిడ కేసి చూశాడు. ఈసారి కేలెండర్ వంక కాదు, సూటిగా ఆవిడ కేసే.

"రాత్రి అన్న మాటలకి..." అని మొదలెట్టి, గుండుసూది మధ్యలోనే ఆపేసింది. "నోటితో చెప్పను. అందరూ కాచుకుని ఉన్నారు కదా, అక్కడే రాస్తాను. చదువుకోండి."

కూర్చుని లాప్‌టాప్ తెరిచింది. నూనె వేళ్లు తుడుచుకోలేదు. అతను రాసిందాని కింద, తన పేరుతోనే, రాసి నొక్కింది.

"నాకూ. ఇది ఒక్క లైన్లోనే పడింది చూసుకోండి."