సున్నపుబట్టీ కాడి నడిచే దీపం

మఠంపల్లి దాటినంక గుట్టల నడుమ ఒక పాత సున్నపుబట్టీ ఉండేది. పొద్దుగూకినంక ఆ పక్కకు మేకలను గూడ తోలేటోళ్ళు కాదు. ఎన్నడో ఒక కూలిమనిషి అండ్ల పడి చచ్చిపోయిండని, అప్పటిసంది గాడనే తిరుగుతున్నడని చెప్పుకునేటోళ్ళు. పోలీసు చర్య అయిన మరుసటేడు, వానకాలంల, ఆ మాటకు ఇంకొకటి తోడైంది... కొరివి దెయ్యం.

చీకటి రాత్రి ఆ గోడల నడుమ చిన్న దీపం లేస్తదట. లేసి ఊకుంటదా అంటే ఊకుండదు. నడుస్తది. చూసినోళ్ళల్ల ఒకరు ఎడమకు నడిచిందన్నరు, ఒకరు ఆకాశానికి ఎక్కిందన్నరు. ఒకామె — సక్కగ నా మీదికే వచ్చింది అని రెండు దినాలు మంచం దిగలే.

గుట్టల అవతలి ఊర్ల బండి తోలే లచ్చయ్య ఇవన్ని విన్నడు. విన్నవాటికి ఇంత ఉప్పూకారం చల్లి పది మందికి చెప్పిండు గూడ. తను మాత్రం దీపాలు పెట్టే యాళ్ల తర్వాత ఆ తొవ్వన బండి కట్టలే.

ఆ అమాస నాడు కట్టక తప్పలే. బిడ్డ కొమురమ్మకు తొలి కాన్పు. పొద్దటినుంచి నొప్పులు. ఊరి మంత్రసాని అంజమ్మ చూసి చూసి, ఆఖరికి బయటికొచ్చి లచ్చయ్య చెవుల చెప్పింది — "ఎదురుకాళ్ళతోటి ఉంది. నాతోటి కాదు. మఠంపల్లి పోయి నర్సమ్మను తీసుకరా."

నర్సమ్మ అంటే సువార్తమ్మ. కోదాడ మనిషి. మిషను దవాఖానల పదేండ్లు పనిచేసి, ఇప్పుడు మఠంపల్లిల అన్న ఇంట్ల ఉంటున్నది. లచ్చయ్య ఆడికి చేరేసరికే పొద్దుగూకింది. సంగతి వినంగనే సంచి భుజాన ఏసుకొని బండెక్కింది.

మబ్బు పట్టిన రాత్రి. ఒక్క చుక్క లేదు. బండి కింద కట్టిన లాంతరు ఊగుతుంటే, ఎద్దుల కాళ్ళ నీడలు తొవ్వంత పరుచుకుంటున్నయి.

గుట్ట మలుపు తిరిగిన్రు...

దీపం ఉంది.

లచ్చయ్య పగ్గం గుంజిండు. చప్పుడు కాకుండ దిగి, లాంతరు ఊదేసిండు.

"ఎందుకార్పావు?" గుసగుసగా అడిగింది సువార్తమ్మ.

"మనల్ని చూస్తదమ్మా."

ఇగ సూడు. బండి కనపడదు, ఎద్దులు కనపడవు, తన చెయ్యి తనకు కనపడదు. లోకం మొత్తంల ఆ ఒక్క దీపమే మిగిలింది. శెనగగింజంత. లచ్చయ్య రెప్ప కొట్టకుండ దాన్నే చూసిండు...

అది కదిలింది.

మెల్లగ ఎడమకు జారింది. ఆగింది. మళ్ళ జారింది.

"వస్తాందమ్మా... ఎడమకు, తొవ్వ మీదికి వస్తాంది."

సువార్తమ్మ గూడ దాన్నే చూసింది. ఆఖరికి — "నాకు కుడికి పోతోంది లచ్చన్నా" అన్నది.

లచ్చయ్య బండి చక్రాన్ని పట్టుకున్నడు. "అంటే... రెండున్నయా?"

అంతల్నే ఇంకొకటి వినపడ్డది. ధబ్... ధబ్... ఎక్కడ్నో డప్పు. దగ్గరికొస్తున్న డప్పు.

"గుట్ట చుట్టు తిరిగి పోదామమ్మా. డప్పు గూడ మోగుతాంది, వినపడతలేదా?"

"చుట్టు తిరిగితే ఎంతసేపు?"

"తెల్లారుతది."

"అందాకా నీ బిడ్డ ఆగదు." చీకట్ల తడుముకుంట ఆమె లచ్చయ్య మణికట్టు పట్టుకుంది. "డప్పు నే చెప్తా విను. ధబ్... ధబ్... ధబ్. ఇట్లాగేనా?"

"ఆ, గదే. నీకూ వినపడుతున్నదా?"

"నాకేం వినపడట్లా. నీ నాడి చూసి చెప్తున్నా. అది నీ గుండె."

లచ్చయ్య చెయ్యి గుంజుకున్నడు. డప్పు మాత్రం ఆగలే.

సువార్తమ్మ అట్లనే ఆలోచన చేసుకుంట కూసుంది. ఉన్నది ఒక్క దీపం. ఒకరికి ఎడమకు, ఒకరికి కుడికి ఎట్ల పోతది? దవాఖాన మాట యాదికొచ్చింది.

"లచ్చన్నా, బండి పలక మీద గడ్డం ఆనించు. కదలమాక. ఇప్పుడు బండి పక్క నిలువుకట్టెను చేత్తో తడిమి, దాని అంచుకు దీపం తాకీ తాకనట్టు ఉండేలా చూసుకో. అది ఎడమకు జరిగితే కట్టె చాటుకు పోవాలి. పోతే చెప్పు."

లచ్చయ్య గడ్డం ఆనించిండు. ఎడమ కన్ను మూసిండు. దీపం కట్టె అంచున నిలబడ్డది. ఇప్పుడు పోతది... ఇప్పుడు పోతది... ఇరవై లెక్కపెట్టిండు. ఇంకో ఇరవై.

పోలే.

తల ఎత్తి చూస్తే మళ్ళ నడుస్తాంది. గడ్డం ఆనిస్తే మళ్ళ నిలబడుతాంది.

"ఇదేం మాయనమ్మా?"

"మాయ కాదు, కన్ను. రాత్రిళ్ళు మా వార్డు చివర ఒకటే చిన్న దీపం ఉంచేవాళ్ళం. రోగులు దీపం నడుస్తోందని భయపడేవాళ్ళు. మా పెద్ద డాక్టరమ్మ చెప్పేది — కన్ను ఒక్క క్షణం కుదురుగా ఉండదంట, సన్నగా కదుల్తానే ఉంటది. పగలైతే పక్కన చెట్టో గోడో ఉంటది కాబట్టి సర్దుకుంటది. ఇట్టాంటి చీకట్లో సర్దుకోటానికి ఏముంది? కదిలేది మన కన్ను. మనకేమో దీపం నడిచినట్టు ఉంటది."

"నీకు తెల్సు గదా. ఇప్పుడు నీకు కదుల్తలేదా?"

"కదుల్తానే ఉంది" అన్నది సువార్తమ్మ. "తెలిసినా ఆగదు అది. లాంతరు వెలిగించు."

లచ్చయ్య అగ్గిపుల్ల గీసిండు. మూడు పుల్లలు పోయినయి. నాలుగోది అంటుకున్నది. బండి కదిలినంక అప్పుడు తట్టిందాయనకు.

"అమ్మా... నడవదు సరే. మరి దాన్ని ముట్టిచ్చింది ఎవరు?"

సువార్తమ్మ కొంగు తల మీదికి లాక్కున్నది. "అది నాకూ తెలియదు. తోలు."

సరిగ్గ బట్టీ ఎదురుగ వచ్చిన్రు. గోడల లోపట గిన్నె పడ్డట్టు ఖణేల్మన్నది. ఆ ఎంబడే ఒక కేక... సన్నగ, సాగి సాగి, మనిషిదని చెప్పరాకుంట.

ఎద్దులు ఉరికినయి. వాటిని తోలే పనే పడలే.

తొలికోడి కూసే యాళ్లకు కొమురమ్మకు ఆడపిల్ల పుట్టింది. ఎదురుకాళ్ళతోటే వచ్చింది. వచ్చి ఏడ్వలే. సువార్తమ్మ అరికాళ్ళు చరిచి, వీపు రుద్ది, నోట్ల జిగట తీసి, మళ్ళ చరిచింది. గడప బయట లచ్చయ్యకు రాత్రి డప్పు మళ్ళ మొదలైంది. అప్పుడు లోపట్నుంచి ఒక్క కేర్ వినపడ్డది.

ఆ మధ్యాన్నం నర్సమ్మను దిగబెట్టనీకె పోతున్నరు. మంచి ఎండ. ఎండల లచ్చయ్యకు ధైర్యానికి తక్కువ లేదు. బట్టీ కాడ బండి ఆపి, "చూద్దాం పా అమ్మా, ఏముందో" అన్నడు.

లోపట ఒక ముసలాయన మూట కట్టుకుంటున్నడు. పేరు ముత్తయ్య. మిర్యాలగూడెం సావుకారు ఆ బట్టీని కొత్తగ కొని, రెండు నెలల కింద ఈయనను కావలి పెట్టిండట. ఊరోళ్ళెవరు పగలు గూడ బట్టీ లోపటికి పోకపాయె, ఎవరికీ తెల్వకపాయె.

"దీపం నువ్వేనా పెట్టేది?" అడిగింది సువార్తమ్మ.

"నేనే. గీడ ఒంటిగ చీకట్ల ఉంటరా ఎవరన్న? ఇగ నాతోని కాదు, పోతున్న." మూట ముడి గట్టిగ గుంజిండు. "రాత్రి గా రోడ్డు మీద కొరివి దెయ్యం తిరిగింది. నేను కండ్లార చూసిన. ఊగుకుంట వచ్చింది, నన్ను చూసి ఆరింది. చీకట్ల గొంతులు... ఒకటి ఆడదెయ్యం, ఒకటి మగదెయ్యం. మళ్ళ భగ్గుమని అంటుకొని నా మీదికే వచ్చింది. చేతుల గిన్నె ఇడిసి, కేకపెట్టి ఒర్లిన."

సువార్తమ్మ మొకం అటు తిప్పుకున్నది. భుజాలు కదులుతున్నయి.

"ఆడదెయ్యం గట్టిదే" అన్నడు ముత్తయ్య. "మగది మాత్రం పాపం, ఒకటే ఏడుపు."

"ఏడ్వలే" అన్నడు లచ్చయ్య. "గొంతు జీరపోయింది, గంతే."

ముత్తయ్య చేతుల మూట జారింది. లచ్చయ్యను కింది నుంచి మీదికి చూసిండు. రెండడుగులు ఎనకకు ఏసి, మెల్లగ వంగి... లచ్చయ్య పాదాలకు వేళ్ళు ముందున్నయా, మడిమెలు ముందున్నయా అని చూసిండు.